ద్రక్మా, దిర్హం, దమ్మిడీ

అల్ కహఫ్ సూరాలోని గుహవాసుల వృత్తాంతం మన పాఠకులకు కొత్తది కాదు. శుక్రవారం నాడు ఆ సూరా పఠించే అలవాటు చాలా ఇళ్లల్లో ఉంది. దీర్ఘనిద్ర నుండి లేచిన ఆ యువకులు తమలో ఒకరి చేతికి వెండి డబ్బు ఇచ్చి, శుభ్రమైన ఆహారం తెమ్మని పట్టణానికి పంపిస్తారు. అక్కడ దివ్యఖుర్ఆన్ వాడిన మాట 'వరిఖ్'. ముద్ర వేసిన వెండి అని భాషావేత్తలు దానికి అర్థం చెప్పారు. ఆ తరువాత అంగట్లో జరిగినది వ్యాఖ్యాతలు వివరించారు. అంగడివాడు ఆ నాణేన్ని అటూ ఇటూ తిప్పి చూశాడట. అది ఏనాడో గతించిన దఖ్యానూస్ రాజు కాలంనాటిది. నీకు ఎక్కడో లంకెబిందె దొరికింది, నిజం చెప్పమని నలుగురూ చేరి నిలదీశారట. దఖ్యానూస్ అంటే క్రీ.శ. 249 నుండి 251 వరకు రోమును ఏలిన డెసియస్ అని చరిత్రకారులు గుర్తించారు.

గుహలో ఎంత కాలం గడిచిందో ఆ యువకులకు తెలియదు. ఊరివారికి వాళ్లెవరో తెలియదు. ఆ కథనంలో కాలం సంగతి బయటపెట్టింది చేతిలోని నాణెమే. మదరసాలో ఈ పాఠం చెప్పుకున్న రోజుల్లో ఈ అంశం నా మనసుకు తట్టలేదు. తరువాత విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో గ్రీకు నాణేల బొమ్మలున్న ఒక పెద్ద పుస్తకం తిరగేస్తూ ఉండగా తట్టింది. ఫిఖ్హా గ్రంథాలలో మనం నిత్యం చదివే దిర్హం ఎక్కడి నుండి వచ్చిందన్న ప్రశ్న ఆనాటి నుండి నన్ను వదలలేదు.

రెండేళ్ల క్రితం మా అక్క కొడుకు దుబాయి నుండి సెలవు మీద కొడవలూరు వచ్చాడు. వస్తూ ఒక వెండి నాణెం తెచ్చాడు. "మామూ, ఇది సికందర్ కాలం నాటిదట, అక్కడి బజారులో కొన్నాను" అన్నాడు. ఒక వైపు సింహపు తోలు తలకు కప్పుకున్న వీరుడు. రెండవ వైపు పీఠం మీద కూర్చున్న దేవుడు, చేతి మీద డేగ. వాడి సందేహం ధర గురించి కాదు. బొమ్మ ఉంది గదా, ఇంట్లో ఉంచుకోవచ్చునా? దీనికి జకాత్ పడుతుందా? జవాబు చెప్పే ముందు ఇద్దరం కంసాలి దగ్గరకు వెళ్లాం. తూకం 14 గ్రాములు. అలెగ్జాండరు పెద్ద నాణెం 17 గ్రాములు తూగాలి. అంచు చుట్టూ సన్నని అతుకు గీత ఉంది. గ్రీకులు వేడి చేసిన వెండి బిళ్లను రెండు అచ్చుల నడుమ ఉంచి సుత్తితో కొట్టేవారు, అటువంటి నాణేనికి అతుకు ఉండదు. ఇది మూసలో పోసినది. గీటురాయి మీద గీసి చూసి "వెండి కూడా కాదు సాయిబు గారూ" అన్నాడు కంసాలి.

పిల్లవాడు చిన్నబుచ్చుకున్నాడు. వాడి జేబులో ఉన్న అరబ్బు దేశపు దిర్హం నాణెం తీయించి చూపించాను. ఒక వైపు కహ్వా కాచే కూజా బొమ్మ ఉంటుంది. సంయుక్త అరబ్ ఎమిరేట్స్ తన సొంత డబ్బును 1973లో మొదలుపెట్టింది. ఆ నాణెం మొన్నటిదే గాని దాని పేరు ఇరవై అయిదు వందల ఏళ్ల నాటి గ్రీకు మాట. సికందర్ కాలం నాటి వస్తువు కావాలనుకున్నవాడు దానిని రోజూ జేబులో వేసుకు తిరుగుతున్నాడు.

గ్రీకు భాషలో 'ద్రక్మా' అంటే పిడికెడు. నాణేలు రాక పూర్వం వాళ్లు ఇనుప చువ్వలను మారకంగా వాడేవారు. ఒక చువ్వ పేరు 'ఒబోలు'. పిడికిట పట్టే ఆరు చువ్వలు ఒక ద్రక్మా. నాణేలు వచ్చాక చువ్వలు పోయాయి, పేర్లు నిలిచాయి. మన ఇళ్లల్లో సోల, తవ్వ పోయినా ఆ మాటలు నిలిచినట్లే.

ద్రక్మా నాణేలలో మిక్కిలి పేరుపొందినది ఎథెన్సు నగరంది. నాలుగు ద్రక్మాల విలువ గల ఆ పెద్ద నాణెం మీద ఒక వైపు వారి దేవత అథీనా తల, రెండవ వైపు గుడ్లగూబ. బరువు రమారమి 17.2 గ్రాములు. ఎథెన్సుకు దక్షిణాన లౌరియోను అనే చోట వెండి గనులు ఉండేవి. క్రీ.పూ. 483లో అక్కడ గొప్ప వెండి పొర బయటపడింది. ఆ సొమ్మును పౌరులందరికీ తలా కొంత పంచాలని ఒక ఆలోచన వచ్చింది. థెమిస్టోక్లీస్ అనే నాయకుడు వద్దని, దానితో యుద్ధనౌకలు కట్టించాడు. మూడేళ్లకు, క్రీ.పూ. 480లో, సలామిస్ జలసంధిలో ఆ నౌకలే ఇరాను చక్రవర్తి నౌకాబలాన్ని ఓడించాయి. గనుల్లో రాళ్లు కొట్టినవారు బానిసలు. వారి పేర్లు ఏ నాణెం మీదా లేవు. గుడ్లగూబ నాణేల అందాన్ని పొగిడే పుస్తకాలు ఈ సంగతిని ఒక్క వాక్యంలో దాటేయడం నాకు నచ్చదు.

అలెగ్జాండరు క్రీ.పూ. 331, 330 సంవత్సరాలలో ఇరాను ఖజానాలను పట్టుకున్నాడు. తరతరాలుగా అక్కడ పేరుకున్న వెండి కరిగి నాణేలై లోకం మీద పడింది. ఎథెన్సు తూకమే అతడూ పాటించినందున మధ్యధరా తీరం నుండి బాఖ్తర్ వరకు ఆ తూకం చెల్లుబాటయింది. ఈ సందర్భంలో మన పాఠకులకు ఆసక్తి కలిగించే నాణెం ఒకటి ఉంది. అలెగ్జాండరు మరణానంతరం అతని సేనాని లైసిమాకస్ ముద్రించిన వెండి నాణేల మీద అలెగ్జాండరు తల ఉంటుంది. చెవి పైన వంపు తిరిగిన పొట్టేలు కొమ్ము ఉంటుంది. అది ఈజిప్టు దేవుడు ఆమోను చిహ్నం. జుల్ ఖర్నైన్, అంటే రెండు కొమ్ములవాడు, అలెగ్జాండరే అని పూర్వ వ్యాఖ్యాతలు కొందరు చెప్పిన మాటకు ఈ నాణెం సాక్ష్యమని వాదించేవారు ఉన్నారు. నేను ఆ వాదాన్ని అంగీకరించలేను. అలెగ్జాండరును కొమ్ములతో చిత్రించే ఆచారం ఉండేదని మాత్రమే ఆ నాణెం చెబుతుంది. ఏకేశ్వరుని నమ్మి న్యాయంగా పాలించిన రాజుగా ఖుర్ఆన్ వర్ణించిన వ్యక్తికీ, తనను దేవుని కుమారునిగా చెప్పించుకున్న విజేతకూ పొత్తు కుదరదు. మౌలానా అబుల్ కలాం ఆజాద్ తన తర్జుమానుల్ ఖుర్ఆన్‌లో జుల్ ఖర్నైన్ అంటే ఇరాను రాజు ఖోరెష్ అని వాదించారు. వల్లాహు అఅలం. నాణేన్ని సాక్షిగా పిలవవచ్చు గాని, అది చూడనిదాన్ని దానిచేత చెప్పించరాదు.

అలెగ్జాండరు తరువాత ఆ వెండి రెండు దారులు పట్టింది. ఒకటి హిందూకుష్ దాటి మన దేశంలోకి వచ్చింది. మినాండరు, అపొలొడోటస్ మొదలైన యవన రాజులు ఒక వైపు గ్రీకు, రెండవ వైపు ఖరోష్ఠీ లిపిలో ప్రాకృతం వేసి నాణేలు కొట్టించారు. ఒకే బిరుదు, ఒకే పేరు రెండు లిపులలో ఉన్నందువల్లనే 1830లలో జేమ్స్ ప్రిన్సెప్ మొదలైనవారు చచ్చిపోయిన ఖరోష్ఠీ లిపిని తిరిగి చదవగలిగారు. తర్జుమా పనితో పొట్టపోసుకునే నావంటివాడికి ఇది గర్వకారణం. ఒక లిపి ప్రాణం పోసుకున్నది అనువాదం పుణ్యాన. ఆ రాజులు పోయిన చాలా కాలానికి, క్రీ.శ. మొదటి శతాబ్దిలో, పెరిప్లస్ అనే గ్రంథం రాసిన గ్రీకు నావికుడు భరుకచ్ఛం రేవులో ఆ పాత ద్రక్మాలు ఇంకా చెలామణిలో ఉన్నాయని చెప్పాడు.

ఆ తూకాన్ని, ఆ పద్ధతిని పశ్చిమ క్షత్రపులు అందుకున్నారు. నహపానుని చిన్న వెండి నాణేల మీద రాజు ముఖం చుట్టూ గ్రీకు అక్షరాలు ఉంటాయి. ఆ నహపానుణ్ణి ఓడించినవాడు మన శాతవాహన చక్రవర్తి గౌతమీపుత్ర శాతకర్ణి. 1906లో నాసిక్ దగ్గర జోగల్తెంబి అనే ఊళ్లో 13 వేలకు పైగా నహపానుని వెండి నాణేలు ఒక్క చోట దొరికాయి. వాటిలో సుమారు మూడింట రెండు వంతుల మీద గౌతమీపుత్రుడు తన ముద్ర కొట్టించాడు. శత్రువు ముఖం మీద, గ్రీకు అక్షరాల మీద తన గుర్తు! తరువాతి శాతవాహనులు తమ ముఖాలతోనే వెండి నాణేలు వేశారు. వాటికి ఒక వైపు ప్రాకృతం, రెండవ వైపు ఒక ద్రావిడ భాష. అది తెలుగా తమిళమా అని పండితులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు.

ద్రక్మా మన దేశంలో 'ద్రమ్మ' అయింది. 1150లో భాస్కరాచార్యుడు రాసిన లీలావతి గణితంలో పదహారు పణాలు ఒక ద్రమ్మ అని లెక్క ఉంది. ఆ గ్రంథాన్ని అక్బరు ఆస్థానంలోని ఫైజీ 1587లో పారశీకంలోకి అనువదించాడు. ద్రమ్మ నుండి 'దామ్', దామ్ నుండి 'దమ్డీ'. అదే మన తెలుగు దమ్మిడీ. 1957లో దశాంశ నాణేలు వచ్చి అణాలు, దమ్మిడీలు పోయాయి గాని, దమ్మిడీకి కొరగాడు అన్న తిట్టు పోలేదు.

ఇక్కడ యవన శబ్దం గురించి ఒక మాట. అయోనియా గ్రీకులను ఇరానువారు యౌన అన్నారు, అరబ్బులు యూనాన్ అన్నారు, మనవాళ్లు యవనులు అన్నారు. శతాబ్దాలు గడిచాక పడమటి నుండి వచ్చిన ముస్లింలకు కూడా అదే పేరు అంటించారు. శ్రీకృష్ణదేవరాయల బిరుదు 'యవనరాజ్యస్థాపనాచార్య'లో యవనులంటే బహమనీ సుల్తానులు. గ్రీకులతో మనకు సంబంధం లేదని ఎవరైనా అంటే, పేరు వరకైనా ఉందని చెప్పవచ్చును.

రెండవ దారి ఇరాను మీదుగా సాగింది. పార్థియనులు, తరువాత సాసానీలు ద్రక్మాను నిలబెట్టారు. పహ్లవీలో 'ద్రహ్మ్', అరబీలో 'దిర్హం'. సాసానీ దిర్హం పలుచగా వెడల్పుగా, సుమారు 4 గ్రాముల బరువుతో ఉంటుంది. ఒక వైపు కిరీటధారి కిస్రా, రెండవ వైపు అగ్నివేదిక. దైవప్రవక్త (స) కాలంలో మక్కా, మదీనాలకు సొంత టంకశాల లేదు. ఈ వెండి దిర్హంలతోనూ రోము బంగారు దీనార్లతోనూ వ్యాపారం నడిచేది. ఇరాను జయించిన తరువాత కూడా ముస్లిం అధికారులు కిస్రా ముఖం, అగ్నివేదిక ఉన్న అచ్చులనే వాడారు. క్రీ.శ. 651 ప్రాంతం నుండి అంచున 'బిస్మిల్లాహ్' చేరింది. మా మేనల్లుని మొదటి సందేహానికి ఇందులోనే జవాబు ఉంది. సహాబాల చేతుల్లో మెలగిన డబ్బు మీద బొమ్మలు ఉండేవి. వారు వాటిని పూజించలేదు, పారవేయనూ లేదు.

చిక్కు తూకంలో వచ్చింది. ఆ రోజుల్లో దిర్హం ఒక్క తీరుగా ఉండేది కాదు. 20 ఖీరాతులవి, 12 ఖీరాతులవి, 10 ఖీరాతులవి చెలామణిలో ఉండేవి. జకాత్ ఏ దిర్హం లెక్కన ఇవ్వాలి? మూడింటినీ కలిపి మూడింట భాగించి 14 ఖీరాతుల దిర్హాన్ని ప్రమాణంగా నిలిపారని ఉల్లేఖనాలు ఉన్నాయి. కొందరు ఇది హజ్రత్ ఉమర్ (రజి) చేసినదంటారు, కొందరు అబ్దుల్ మలిక్ బిన్ మర్వాన్ చేసినదంటారు. మిస్ఖాల్ 20 ఖీరాతులు గనుక పది దిర్హంలు ఏడు మిస్ఖాళ్లు అన్న సూత్రం దీనితో సరిపోతుంది. అబ్దుల్ మలిక్ మొదట తన రూపమే ఉన్న బంగారు నాణేలు కొట్టించి, హిజ్రీ 77లో వాటిని మాని అక్షరాలు మాత్రమే ఉన్న దీనారును తెచ్చాడు. హిజ్రీ 79లో వెండి దిర్హం కూడా ఆ రీతికే వచ్చింది. మధ్యలో కలిమా, రెండవ వైపు ఇఖ్లాస్ సూరా. వెయ్యేళ్ల పాటు రాజుల తలలు మోసిన ద్రక్మా మీద ఇక మాటలే మిగిలాయి.

అనువాదకునిగా ఇక్కడ ఒక ఇబ్బంది చెప్పుకోవాలి. యూసుఫ్ సూరాలో సోదరులు హజ్రత్ యూసుఫ్ (అ)ను లెక్కపెట్టదగిన కొద్ది దిర్హంలకు అమ్మారని ఉంది. నాణేలు క్రీ.పూ. ఏడవ శతాబ్దిలో లిడియాలో పుట్టినవి గదా, ఆ కాలంలో దిర్హం ఎక్కడిది అని ఆక్షేపించేవారు ఉన్నారు. ఖుర్ఆన్ అరబ్బులతో అరబీలో మాట్లాడింది. వెండి ముక్కకు వారికి తెలిసిన పేరు అదే. కొంచెమైతే లెక్కపెట్టేవారు, నలభై దాటితే తూచేవారు అని వ్యాఖ్యాతలు రాశారు. తెలుగులో నేను 'కొద్దిపాటి వెండి రూకలు' అని రాస్తాను. దమ్మిడీలు అని రాస్తే వ్యుత్పత్తి రీత్యా తప్పు కాదు గాని చదివేవారు నవ్వుతారు.

తూకం సంగతి పాతకాలపు ముచ్చట అనుకోరాదు. 200 దిర్హంల వెండి ఉంటే జకాత్ విధి. మన దేశంలో ఉలమా దీనిని యాభై రెండున్నర తులాలుగా, అంటే 612.36 గ్రాములుగా లెక్కించారు. ఈ లెక్కన దిర్హం 3.06 గ్రాములు. యూసుఫ్ అల్ ఖరజావీ తన ఫిఖ్హుజ్జకాత్ గ్రంథంలో మ్యూజియంలలో భద్రంగా ఉన్న తొలినాటి నాణేల తూకాన్ని ఆధారం చేసుకున్నారు. దీనారు 4.25 గ్రాములు, దిర్హం 2.975 గ్రాములు, నిసాబ్ 595 గ్రాములు. తేడా సుమారు 17 గ్రాములు. ఎథెన్సు గుడ్లగూబ నాణెం ఒక్కటి ఎంతో అంత. మనం ఏ లెక్క పాటించాలన్నది ఉలమాను అడిగి తెలుసుకోవలసిన విషయం. అయితే కరగకుండా మిగిలిన కొన్ని నాణేలు లేకుంటే అసలు రెండవ లెక్క వేయడానికే వీలుండేది కాదు.

కరగకుండా మిగలడం ఎంత అరుదో మన నెల్లూరు కథే చెబుతుంది. 1786 ప్రాంతంలో నెల్లూరు దగ్గర ఒక రైతు రాళ్లగుట్ట పక్కన దున్నుతూ ఉండగా నాగలికి ఇటుకల కట్టడం అడ్డుపడింది. తవ్వితే చిన్న గుడి శిథిలాలు, దాని కింద ఒక ముంత, ముంత నిండా రోమను బంగారు నాణేలు. రైతు వాటిని పాత బంగారం కింద అమ్మేశాడు. చాలా వరకు కరిగిపోయాయి. అప్పుడు ఈ సీమ ఆర్కాటు నవాబులది. నవాబు ముహమ్మద్ అలీ వాలాజా రెండవ కొడుకు అమీరుల్ ఉమరా సంగతి తెలిసి 30కి పైగా నాణేలను తిరిగి రాబట్టాడు. అప్పటి మద్రాసు గవర్నరు అలెగ్జాండర్ డేవిడ్సన్ వాటిలో రెండు ఎంచుకున్నాడు. ఒకటి హేడ్రియన్ చక్రవర్తిది, ఒకటి ఫాస్టినా రాణిది. 1787లో అతడు రాసిన ఉత్తరం కలకత్తా ఆసియాటిక్ సొసైటీ సంపుటంలో అచ్చయింది. కొన్ని నాణేలు నిన్ననే టంకశాల నుండి వచ్చినట్లు మెరిసిపోతున్నాయనీ, కొన్నిటికి రంధ్రాలు ఉన్నాయనీ, వాటిని మెడలోనో దండకో కట్టుకుని ఉంటారనీ అందులో ఉంది. కాసులపేరు మనవాళ్లకు ఎంత పాత ముచ్చటో!

రోము నాణేలు మన గడ్డకు కొత్త కాదు. నల్గొండ జిల్లా అక్కనపల్లిలో వెండి దీనారియస్సులు 1500కు పైగా దొరికాయి. వాటి వివరాలను పరమేశ్వరీలాల్ గుప్త 1965లో ప్రకటించారు. నాగార్జునకొండ ఇక్ష్వాకుల శాసనంలో దీనారి మాషకాల దానం ఉంది. దీనారు అన్న మాట ఇస్లాం అవతరణకు మూడు వందల ఏళ్ల ముందే కృష్ణాతీరం చేరింది. శ్రీనాథుని చాటువులోనూ దీనార టంకాలు మెరుస్తాయి.

ఆ రైతు ఫిఖ్హా ప్రకారం ఏమి చేయవలసింది అని మదరసా బుద్ధి అడుగుతుంది. భూమిలో దొరికిన నిధిలో అయిదో వంతు ప్రజాధనమని హదీసు. హిదాయా గ్రంథంలో ఒక సూక్ష్మం ఉంది. దొరికిన నాణెం మీద కలిమా వంటి ముస్లిం చిహ్నం ఉంటే అది ఎవరో పోగొట్టుకున్న సొత్తు, యజమాని కోసం ప్రకటించాలి. విగ్రహం వంటి గుర్తు ఉంటే పూర్వుల నిధి, అయిదో వంతు ఇవ్వాలి. ముద్ర అస్పష్టంగా ఉంటే పూర్వులదే అనుకోవాలని ఒక మాట, ఇంత కాలం గడిచింది గనుక ముస్లింలదే అనుకోవాలని మరొక మాట. అంటే నాణెం మీద ఏముందో చదవనిదే ఫత్వా కుదరదు. ఖాజీ నాణేల పరీక్ష నేర్చుకోక తప్పదు! మన దేశంలో 1878 నాటి నిధుల చట్టం ప్రకారం పది రూపాయలకు మించిన నిధి దొరికితే కలెక్టరుకు తెలియజేయాలి. 1972 నాటి పురావస్తు చట్టం కింద నూరేళ్లు దాటిన నాణెం పురావస్తువే, దానిని విదేశాలకు పంపరాదు. నాణేలు సేకరించే సరదా ఉన్న యువకులు ఈ రెండూ తెలుసుకుని ఉండడం మంచిది.

మా నానీ దగ్గర ఒక ఎర్రగుడ్డ మూటలో ఆర్కాటు రూపాయలు ఉండేవి. ఒక పెళ్లి ఖర్చులో అవి పట్టీలైపోయాయి. అప్పుడు నాకు పదేళ్లు, నాణేల మీద ఏం రాసి ఉందో అడిగినవాడు లేడు. నానీ కొంగున ముడివేసి ఉన్న ఒక్కటి మాత్రం మిగిలింది. దాని మీద ఢిల్లీ పాదుషా రెండవ ఆలంగీరు పేరు, హిజ్రీ 1172. ఆ పాదుషా 1759లో హతుడయ్యాడు. అయినా ఇంగ్లీషు కంపెనీ అదే పేరు, అదే సంవత్సరం వేసి దశాబ్దాల పాటు మద్రాసులో రూపాయలు కొడుతూనే ఉంది. జనం నమ్మేది ఆ పేరునే గనుక.

మొన్నటి సెలవుకు వచ్చినప్పుడు మా మేనల్లుడు ఆ రూపాయిని తూచాడు. 11 గ్రాములకు కాస్త పైన. "దీన్ని జకాత్ లెక్కలో కలపాలి గదా మామూ" అన్నాడు. వెండి గనుక కలపాలన్నాను. తరువాత భూతద్దం తెచ్చుకుని కిటికీ దగ్గర కూర్చుని, సగం అరిగిన అక్షరాలను కూడబలుక్కుంటూ 'ఆర్కాట్' అన్న మాట వరకు తానే చదివాడు.